అప్పులు తీర్చలేని పరిస్థితి వచ్చిందా? ఉచిత వకీలును పట్టుకోవడం నుంచి ఐపీ దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అటు పాలమూరు, అచ్చంపేట వైపు నుంచి అడిగేవాళ్లందరి ప్రశ్న ఇంచుమించు ఒకటే. "అప్పు బాగా పెరిగిపోయింది. ఉన్న భూమి అమ్మినా తీరదు. ఐపీ పెడితే సరిపోతుందా?" అంటారు.

కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. మీ అప్పులు ఏ రకమో చూడకుండా ఎవరూ జవాబు చెప్పలేరు. నోటు అప్పుకు ఒక దారి ఉంది, బ్యాంకు తనఖాకు ఇంకొకటి, చెక్కు కేసుకు మరొకటి. చాలామంది వీటన్నిటినీ కలిపి ఒకే మూటగా చూసి, ముందు భూమి అమ్మేసి, ఆ తర్వాత వకీలు దగ్గరికి పోతారు. ఆ వరస తిరగెయ్యండి. వకీలును ముందు కలవండి, అమ్మాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించండి. వకీలుకు ఇచ్చే డబ్బు లేదన్న టెన్షన్ కూడా వద్దు, దాని సంగతి నాలుగో మెట్టులో ఉంది.

చట్టం గురించి ఒక్క ముక్క. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నాను, దివాలాగా ప్రకటించండి అని కోర్టులో వేసే దరఖాస్తు. మన జిల్లాల్లో మామూలు మనిషికి ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే, 2019 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. రైతుకు, కిరాణా కొట్టు యజమానికి, ఆటో నడిపేవాళ్లకు దానితో పని లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్, రేషన్ కార్డు, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం. ఎస్సీ, ఎస్టీలైతే కుల ధ్రువపత్రం.
- పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, భూమి మీద ఈసీ (దాని మీది లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్).
- అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, కనీసం మూడేళ్లవి. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపుల ప్రింట్లు.
- వచ్చిన ప్రతి లాయర్ నోటీసు, కోర్టు సమన్లు. కవరు కూడా పారేయొద్దు, దాని మీది తేదీ ముద్ర పనికొస్తుంది.
- అప్పు ఎందుకైందో చూపే కాగితాలు: బోరు వేయించిన బిల్లులు, ఆసుపత్రి బిల్లులు, ఎరువుల కొట్టు చిట్టా, పంట నష్టం రాసుకెళ్లిన పత్రం ఉంటే అది.

ఈ ఆఖరి వరసను చాలామంది లెక్కచేయరు. ఇది ఎందుకు ముఖ్యమో ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.

1. ఈ రోజే మూడు పనులు ఆపండి

కొత్త కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు, "ఊరికే ష్యూరిటీకి" అంటూ అడిగే సేల్ అగ్రిమెంటు, ఏదైనా సరే. అప్పుకు హామీగా భూమి రిజిస్ట్రేషన్ చేసిచ్చినవాళ్లు దాన్ని మళ్లీ తమ పేరున తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.

భార్య పేరునో బావమరిది పేరునో భూమి మార్చొద్దు. ఐపీ పడటానికి ముందు రెండేళ్లలో ఉత్తపుణ్యానికి, లేదా నామమాత్రపు ధరకు చేసిన బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆస్తి దాచాడన్న ముద్ర పడితే మిగతా విషయాల్లో కూడా మీ మాట నిలవదు.

ఒక్కరికే మొత్తం కట్టి మిగతావాళ్లను వదిలేయొద్దు. బంధువు ఒత్తిడి చేశాడనో, ఊళ్లో పరువు పోతుందనో అందరూ చేసే పనే ఇది. ఒకరికి మేలు చేయాలన్న ఉద్దేశంతో ఇచ్చిన అలాంటి చెల్లింపును, మూడు నెలల్లోపు ఐపీ పడితే తిరగతోడే అవకాశం ఉంది.

2. అప్పుల చిట్టా రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని అప్పుకు ఒక పేజీ కేటాయించండి. ఇలా రాయాలి:

"ఆసామి పేరు, ఊరు. అసలు 2,00,000. తీసుకున్నది 2022 జూన్. రెండు రూపాయల మిత్తి, అంటే నెలకు 4,000, ఏడాదికి 48,000. నోటు రాసిచ్చాను, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి ఇచ్చాను. జమానతు మా బావమరిది. ఇప్పటిదాకా మిత్తి కింద 96,000 కట్టాను. అందులో 40,000 ఫోన్‌పే, మిగతాది చేతికిచ్చాను, రసీదు లేదు. చేతికిచ్చినప్పుడు ఎవరున్నారు: ..."

రసీదు లేనివి కూడా రాయండి. ఎవరి ముందు ఇచ్చారో, ఎక్కడ ఇచ్చారో రాయండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టుకుని రాస్తే మరిచిపోయిన చేబదుళ్లు, డ్వాక్రా సంఘం బాకీ, ఎత్తేసిన చిట్టీకి మిగిలిన కిస్తీలు బయటపడతాయి. మీరు ఎవరికైనా జమానతు ఉంటే అది కూడా మీ అప్పే, రాయాలి.

సరిచూసుకోవడం ఎలా: మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లో వరసగా వెళ్లిన ప్రతి మొత్తానికీ చిట్టాలో ఒక పేజీ ఉండాలి. లేకపోతే ఏదో మరిచిపోయారన్నమాట.

3. అప్పులను విడదీయండి

*నోటు అప్పు, చేబదులు.* ఇది సివిల్ వ్యవహారం. నోటు రాసిన తేదీ నుంచి, లేదా గడువులోపు మీరు సంతకం పెట్టి ఒప్పుకున్న చివరి తేదీ నుంచి, మామూలుగా మూడేళ్లలోపు దావా వేయాలి. అందుకే గడువు దగ్గర పడగానే "ఒక వెయ్యి ఇచ్చి నోటు వెనక చెల్లు రాయి" అని అడుగుతారు. ఆ సంతకంతో మూడేళ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. గడువు దాటిన నోటు మీదైనా వకీలుకు చూపించకుండా ఏమీ రాయొద్దు. ఇంకో సంగతి: మిత్తి వ్యాపారమే వృత్తిగా చేసేవాళ్లకు తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. నిజాం కాలం నాటి, 1349 ఫసలీ నాటి చట్టం అది, ఇంకా అమల్లో ఉంది. అవతలివాళ్లు ఊళ్లో పదిమందికి అప్పులిచ్చేవాళ్లయితే ఆ మాట వకీలుకు తప్పక చెప్పండి.

*చెక్కు ఇచ్చిన అప్పు.* చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు. మీకు నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే ఉంటాయి. ఐపీ పెట్టినా ఈ కేసు ఆగదు. ఇది ముందుగా తెలియక దెబ్బతిన్నవాళ్లు చాలామంది. రాజీకి మాత్రం ఏ దశలోనైనా వీలుంటుంది.

*బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ తనఖా.* ఇల్లు, ప్లాటు తనఖాలో ఉంటే సర్ఫేసీ చట్టం కింద ముందు 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ లోపే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి, దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో హైదరాబాద్‌లోని డీఆర్‌టీకి (రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు) వెళ్లాలి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. తనఖా ఉన్న ఆస్తి మీద బ్యాంకు హక్కును ఐపీ ఏమీ చేయలేదు. బంగారం లోను కూడా అంతే.

*పంట రుణం.* ప్రభుత్వ రుణమాఫీ బ్యాంకు, సొసైటీ పంట రుణాలకే. ప్రైవేటు అప్పులకు దాంతో సంబంధం లేదు.

*మేస్త్రీ దగ్గర అడ్వాన్స్.* పాలమూరు వైపు వలస పోయేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా ఇంకోచోటికి పోనివ్వకుండా, కూలి సరిగ్గా ఇవ్వకుండా పనిలో కట్టిపడేస్తే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయినట్టే, తిరిగి కట్టక్కర్లేదు. కలెక్టరుకో ఆర్డీవోకో దరఖాస్తు పెట్టాలి. దీనికి ఐపీ అవసరమే లేదు.

4. ఉచిత వకీలు కోసం దరఖాస్తు పెట్టండి

ప్రతి జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లోనే కాదు, 2022లో కొత్త జిల్లా కోర్టులు వచ్చాక సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటవాళ్లకు కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. మిర్యాలగూడ, దేవరకొండ లాంటి కోర్టులున్న పట్టణాల్లో మండల కమిటీలుంటాయి. ఎటు పోవాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, అది ఉచితం.

మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, కరువు వరదల బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. మిగతావాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. తెల్ల కాగితం మీద తెలుగులో ఇలా రాస్తే చాలు:

"జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి. అయ్యా, నేను ఫలానా మండలం, ఫలానా గ్రామ వాసిని. నాకు మూడెకరాల భూమి ఉంది. వ్యవసాయం, వైద్యం ఖర్చుల వల్ల సుమారు ఇన్ని లక్షల అప్పయింది. ఇద్దరు దావాలు వేశారు, సమన్లు జతచేశాను. తర్వాతి వాయిదా ఫలానా తేదీ. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద నాకు వకీలును కేటాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వాయిదా తేదీ రాయడం మరవొద్దు, అది కనిపిస్తేనే తొందరగా కదులుతారు. కేటాయించిన వకీలు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగితే కార్యదర్శికి చెప్పండి, ఆ పదవిలో ఉండేది న్యాయాధికారే. వకీలు సరిగ్గా పట్టించుకోవడం లేదనిపిస్తే మార్చమని కూడా అడగొచ్చు.

ఫోన్లో "మీ లోన్లన్నీ సగానికి సెటిల్ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్లు ఎవరైనా సరే, దూరంగా ఉండండి.

5. నోటీసులు, సమన్లు వస్తే తీసుకోండి

పోస్ట్‌మ్యాన్‌తో "ఇంట్లో లేరని చెప్పు" అనడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. తిరస్కరించిన నోటీసు అందినట్టే లెక్క. దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే అది 90 రోజుల దాకా పోవచ్చు. మీరు పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, అవుతుంది, మీరు కట్టిన 96,000 లెక్క చెప్పే అవకాశం పోతుంది. ఆ తర్వాత వచ్చేది ఈపీ, అంటే డిక్రీ అమలు. దాన్ని కొట్టేయించడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు, సమన్లు సరిగ్గా అందకపోతే మాత్రం తెలిసిన రోజు నుంచి లెక్క. ఎక్స్‌పార్టీ అయిందని తెలిసిన రోజే వకీలు దగ్గరికి పరుగెత్తండి.

ఈపీ పడినా అన్నీ పోవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, బట్టలు, చేతివృత్తి పనిముట్లు, వ్యవసాయ పనిముట్లు, సేద్యానికి అవసరమైన పశువులు, విత్తనాలు, రైతు గానీ కూలీ గానీ తాను నివసించే సొంత ఇల్లు జప్తు చేయకూడదు. మగ్గం మీద బతికే గద్వాల, నారాయణపేట నేతన్నలకు ఇది పెద్ద రక్షణ. లావుణి పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్) భూమి ఉంటే ఆ మాట వకీలుకు విడిగా చెప్పండి, అసైన్డ్ భూముల బదిలీ నిషేధం డిక్రీ అమలుకు కూడా అడ్డు నిలుస్తుంది. డబ్బు డిక్రీలో మహిళలను అరెస్టు చేయడానికి వీల్లేదు. మగవాళ్లనైనా, కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నారని తేలితేనే జైలుకు పంపాలి, ఊరికే లేక కట్టలేదని పంపకూడదు. కానీ ఇవన్నీ కోర్టులో చెప్పుకుంటేనే దక్కుతాయి.

6. ముందు లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించండి

అప్పులు నాలుగైదు మందికే ఉండి, అసలు కట్టగలిగి, మిత్తే కుంగదీస్తుంటే ఐపీ కన్నా ఇదే మంచి దారి. దావా పడకముందే కూడా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అవతలివాళ్లను పిలిపించవచ్చు. దావా పడ్డాక రాజీ అయితే వాళ్లు కట్టిన కోర్టు ఫీజు వాపస్ వస్తుంది. బేరంలో ఆ మాట వాడుకోండి.

ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందరూ చుట్టూ నిలబడి ఒప్పుకో ఒప్పుకో అంటుంటే నెలకు 15,000 కడతానని సంతకం పెట్టేస్తారు. రైతుకు నెలనెలా డబ్బెక్కడిది? పత్తి డబ్బు సంక్రాంతి చుట్టుపక్కల, యాసంగి వడ్ల డబ్బు మే, జూన్‌లో వస్తుంది. కిస్తీలు ఆ నెలలకే పెట్టించండి. కుదరకపోతే లేచి రండి, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు.

సరిచూసుకోవడం: అవార్డు నకలు చేతికి రావాలి. మొత్తం, తేదీలు, "ఇక ఎలాంటి బాకీ లేదు" అన్న మాట అందులో ఉండాలి. నోటు, ఖాళీ చెక్కులు ఎప్పుడు తిరిగిస్తారో కూడా రాయించండి. చివరి కిస్తీ కట్టినరోజే అవి వెనక్కి తీసుకోండి. బ్యాంకు అయితే నో డ్యూ సర్టిఫికెట్ అడగండి. "సెటిల్డ్" అని సిబిల్‌లో పడితే కొన్నేళ్లపాటు కొత్త లోను కష్టమవుతుంది, అది తెలిసే ఒప్పుకోండి.

7. ఏ దారీ లేకపోతే ఐపీ

పేపర్లలో "ఐపీ పెట్టి పరార్" అని రాస్తుంటారు గానీ, పరారైనవాడికి ఐపీ దక్కదు. వాయిదాకు రాకపోతే పిటిషన్ కొట్టేస్తారు. ఇది నా దగ్గర ఉన్నదంతా ఇదిగో అని కోర్టు ముందు పెట్టే పద్ధతి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీరు నివసించే చోటో, వ్యాపారం చేసే చోటో ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ వేయాలి. మన దగ్గర మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. అప్పులు 500 రూపాయలు దాటి ఉండి తీర్చలేని స్థితి ఉంటే చాలు. ఆ అంకె 1920 నాటిది కాబట్టి అది ఎవరికీ అడ్డు కాదు.

పిటిషన్‌లో ఒక షెడ్యూలులో అప్పులన్నీ, అప్పిచ్చినవాళ్ల పేర్లు, చిరునామాలతో, ఇంకో షెడ్యూలులో ఆస్తులన్నీ, విలువతో రాస్తారు. రెండో మెట్టులోని నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది. ఎవరినీ వదలొద్దు. మేనమామకు ఇవ్వాల్సిన చేబదులు సరే, భార్య మీద కొన్న ప్లాటు సంగతి కూడా వకీలుకు ముందే చెప్పండి. అవతలి వకీలు ఈసీ తీసి చూపించినప్పుడు బయటపడటం కన్నా అదే నయం. తెలిసి ఆస్తి దాస్తే, లెక్కలు మాయం చేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు.

తర్వాత ఏం జరుగుతుందంటే: అప్పిచ్చినవాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. మిమ్మల్ని ప్రమాణం చేయించి విచారిస్తారు. మీ పిటిషన్ అయితే, తీర్చలేరని పైకి కనిపించేపాటి రుజువు చాలు. కోర్టు ఒప్పుకుంటే దివాలా ఉత్తర్వు ఇస్తుంది. అప్పటి నుంచి మీ ఆస్తి కోర్టు లేదా అది నియమించే రిసీవరు చేతికి పోతుంది, 60వ సెక్షన్ కింద మినహాయింపు ఉన్నవి తప్ప. అప్పిచ్చినవాళ్లు కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయలేరు.

పిటిషన్ వేసినరోజే అన్నీ ఆగిపోతాయని అనుకోవద్దు, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. నడుస్తున్న దావాలు, ఈపీల వాయిదాలకు పోతూనే ఉండాలి. దివాలా ఉత్తర్వు నకలును ఆ కోర్టుల్లో దాఖలు చేస్తేనే అవి నిలుస్తాయి. అరెస్టు భయం ఉంటే రక్షణ ఉత్తర్వు కోసం విడిగా దరఖాస్తు పెట్టమని వకీలును అడగండి.

మీ జమానతుదారుకు ఐపీ వల్ల విముక్తి రాదు. మీరు బయటపడ్డాక ఆసామి బావమరిది మీద పడతాడు. ఆయనకు ముందే చెప్పండి, వీలైతే ఇద్దరూ కలిసి వకీలును కలవండి.

8. ఉత్తర్వు వచ్చాక డిశ్చార్జి గడువు వదలొద్దు

దివాలా ఉత్తర్వులోనే కోర్టు ఒక గడువు రాస్తుంది, ఆ లోపు డిశ్చార్జి (అప్పుల నుంచి విముక్తి) కోసం దరఖాస్తు పెట్టాలి. చాలామంది ఉత్తర్వు రాగానే పని అయిపోయిందని ఇంటికెళ్లిపోతారు. గడువు దాటితే ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ మీద పడతాయి, కోర్టు అనుమతి లేకుండా మళ్లీ ఐపీ కూడా వేయలేరు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాయండి, ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

డిశ్చార్జి దగ్గర కోర్టు ఒకటి చూస్తుంది. మీ ఆస్తులు అప్పులో రూపాయికి కనీసం అర్ధరూపాయికి కూడా సరిపోకపోతే, అది మీ తప్పు వల్ల కాదని మీరు చూపాలి. బోరు బిల్లులు, ఆసుపత్రి బిల్లులు, పంట నష్టం కాగితాలు దాచమన్నది ఇందుకే.

డిశ్చార్జి వచ్చేదాకా దివాలా సంగతి చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అప్పు తీసుకున్నా నేరమే. డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, మనోవర్తి పోవు.

సరిచూసుకోవడం: ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టి వాయిదాలు మీరే చూసుకోండి. వకీలు గుమాస్తా ఫోన్ చేస్తాడని కూర్చోవద్దు. ప్రతి ఉత్తర్వుకూ ధ్రువీకరించిన నకలు తీసి భద్రపరచండి.

ఇంటి మీదికి వచ్చి వేధిస్తుంటే

బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మైక్రోఫైనాన్స్ వాళ్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పంపండి, ఉచితం. కాల్ రికార్డులు, తేదీలు దాచుకోండి. గిరిగిరి ఫైనాన్స్ (రోజువారీ వసూళ్ల అప్పులిచ్చే) వాళ్లో ప్రైవేటు ఆసామో బండి గుంజుకుపోతే, ఆడవాళ్లను దూషిస్తే అది పోలీసు కేసు, 112కు చేయండి. పోలీసులు మాత్రం అప్పు వసూలు చేసిపెట్టే పని చేయకూడదు. స్టేషన్‌లో నోటు రాయమంటే వకీలుతో మాట్లాడతానని చెప్పండి.

ఇంట్లో ఎవరైనా ఈ అప్పుల బాధతో ముభావంగా మారితే, చావు మాటలు మాట్లాడితే, కాగితాల పని పక్కన పెట్టి ముందు వాళ్ల పక్కన కూర్చోండి. పురుగుల మందు ఇంట్లోంచి తీసేయండి. 14416 టెలిమానస్‌కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. దరఖాస్తు రేపు కూడా పెట్టుకోవచ్చు.